లైన్‌బ్యాకర్ దాకా గార్డ్ ఎలా రాగలుగుతున్నాడు?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీ అబ్బాయి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో మిడిల్ లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్ ముందు వరస వెనక నడుమ నిలబడేవాడు. బంతి పట్టుకున్నవాడి దగ్గరికి చేరేలోపే ఎదుటి జట్టు గార్డ్, అంటే వాళ్ల ముందు వరసలో అడ్డుకునే ఆటగాడు, వచ్చి గుద్దేస్తున్నాడు. కోచ్ మాత్రం తప్పు మీవాడిది కాదు, ముందున్న డిఫెన్సివ్ లైన్ అలైన్‌మెంట్‌ది, అంటే వాళ్లు నిలబడే చోటుది అంటున్నాడు. ముందున్నవాడు ఒక అడుగు అటు నిలబడినా ఇటు నిలబడినా వెనకున్నవాడికి ఏం తేడా వస్తుందన్నది మీ సందేహం.

చాలా తేడా వస్తుంది. ఎదుటి లైన్‌లో ఎవరు లైన్‌బ్యాకర్ మీదికి స్వేచ్ఛగా వెళ్లగలరో, ఎవరు వెళ్లలేరో సగానికి పైగా ఆ ఒక్క అడుగులోనే తేలిపోతుంది. ముందున్నవాడు వెనకవాణ్ని గోడలా దాచడు. వదిలి వెళితే నష్టం తప్పని చోట నిలబడతాడు, అంతే. గార్డ్ బయటి భుజం పక్కన ఒక బలమైన ఆటగాడు ఉన్నాడనుకోండి. ఆ గార్డ్ అతణ్ని వదిలేసి లైన్‌బ్యాకర్ వైపు పరుగెత్తితే, బంతి చేతులు మారే చోటికి మనవాడు అడ్డులేకుండా చేరిపోతాడు. అందుకే గార్డ్ వెళ్లడు. మీ అబ్బాయికి కావలసింది గార్డ్ చేసే ఆ తటపటాయింపే.

నేను టెక్సాస్‌లో పగలు లెక్కలు చెబుతాను, సాయంత్రాలు డిఫెన్సివ్ లైన్‌కు కోచింగ్ ఇస్తాను. లైన్‌బ్యాకర్‌కు దెబ్బ తగిలినప్పుడల్లా నింద మా వాళ్ల మీదికే వస్తుంది. చాలాసార్లు న్యాయంగానే వస్తుంది.

మొదట లెక్క చూద్దాం. అఫెన్స్‌కు, అంటే బంతి ఆడే జట్టుకు, ముందు వరసలో అయిదుగురు ఉంటారు: నడుమ సెంటర్, అతనికి చెరో పక్క గార్డులు, వాళ్ల పక్కన ట్యాకిళ్లు. ఒక చివర టైట్ ఎండ్ నిలబడితే ఆరుగురు. ఆరుగురి నడుమా, రెండు చివరలా కలిపి ఏడు సందులు. సెంటర్‌కూ గార్డ్‌కూ మధ్యది ఎ గ్యాప్, గార్డ్‌కూ ట్యాకిల్‌కూ మధ్యది బి, ట్యాకిల్ బయటిది సి, టైట్ ఎండ్ బయటిది డి. డిఫెన్స్‌లో ముందు నలుగురు, వాళ్ల వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు. ఏడు సందులకు ఏడుగురు, కాగితం మీద సరిగ్గా సరిపోయింది. కానీ మన నలుగురు లైన్‌మెన్‌ను వాళ్ల నలుగురే ఆపేస్తే ఇద్దరు బ్లాకర్లు (ఎదుటివాళ్లను అడ్డుకుని నెట్టేవాళ్లు) మిగిలిపోతారు. ఆ ఇద్దరూ ఖాళీ చేతులతో నేరుగా లైన్‌బ్యాకర్ల మీదికి వస్తారు. మీ అబ్బాయిని గుద్దుతున్నది అలా మిగిలినవాడే. కాబట్టి ముందు వరస పనికి కొలత ఒకటే: మిగిలేవాళ్లను తగ్గించాలి, లేదా మిగిలినవాడు ఆలస్యంగా వచ్చేలా చూడాలి.

ఇప్పుడు ఎక్కడ నిలబడాలన్న సంగతి. ప్రతి చోటుకూ ఒక అంకె ఉంది, దాన్ని టెక్నిక్ అంటారు. 0 అంటే సెంటర్‌కు ఎదురుగా. 1 అంటే సెంటర్ భుజం పక్కన, దాన్నే షేడ్ అంటారు. 2 అంటే గార్డ్‌కు ఎదురుగా, 2ఐ గార్డ్ లోపలి భుజం, 3 బయటి భుజం. ట్యాకిల్‌కు అదే తీరున 4, 4ఐ, 5. టైట్ ఎండ్ దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా 6, లోపలి భుజం 7, బయటి భుజం 9. లోపలి నుంచి బయటికి లెక్కపెడుతూ వస్తే 7 తర్వాత 6 వస్తుందన్నమాట. లెక్కల టీచర్‌గా నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు.

నలుగురితో ఆరుగురినీ కప్పలేం. ఎవరో ఒక గార్డ్ ముందు ఖాళీ ఉండిపోతుంది. ఆ ఖాళీని బబుల్ అంటాం. బబుల్ వెనక ఏ లైన్‌బ్యాకర్ నిలబడితే అతనికే దెబ్బ. ఫ్రంట్, అంటే ముందు వరస నిలబడే తీరు, ఎంచుకోవడమంటే బబుల్‌ను ఎవరి ముందు పెట్టాలో ఎంచుకోవడమే. ఈ మాట బయటివాళ్లకు ఎవరూ సరిగా చెప్పరు.

నలుగురి లైన్‌లో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. టైట్ ఎండ్ కుడివైపు ఉన్నాడనుకోండి, అది బలమైన వైపు. ఓవర్ ఫ్రంట్‌లో 3 టెక్నిక్ ఆటగాడు ఆ బలమైన వైపు గార్డ్ మీద ఉంటాడు, నోస్ ట్యాకిల్ (సెంటర్ మీద నిలబడే మన లైన్‌మన్, క్లుప్తంగా నోస్) సెంటర్‌కు అవతలి భుజం మీద ఉంటాడు. అప్పుడు ఎడమ గార్డ్ ముందు ఖాళీ. అతని ఎదుట ఉండేది విల్, అంటే బలహీనమైన వైపు లైన్‌బ్యాకర్. నడుమ ఉండే మైక్‌కు, అంటే మీ అబ్బాయికి, కుడి గార్డ్ బెడద అంతగా ఉండదు. నోస్ తన పని సరిగా చేస్తే సెంటర్ బెడదా తగ్గుతుంది.

అండర్ ఫ్రంట్‌లో ఇదంతా తిరగబడుతుంది. 3 టెక్నిక్ బలహీనమైన వైపు వెళతాడు, నోస్ బలమైన వైపు భుజానికి మారతాడు, టైట్ ఎండ్ మీద శామ్, అంటే బలమైన వైపు లైన్‌బ్యాకర్, ముందుకొచ్చి నిలబడతాడు. ఇప్పుడు ఖాళీగా ఉన్నది కుడి గార్డ్. అతని దారిలో ఉన్నది మైక్. విల్ ముందు మాత్రం అందరికీ చేతినిండా పని ఉంది కాబట్టి అతను హాయిగా పరుగెత్తుతాడు.

అందుకే మీరు కోచ్‌ను మొదట అడగవలసింది ఇది: మీ జట్టు ఎక్కువగా ఏ ఫ్రంట్ ఆడుతోంది? అండర్ అయితే మీవాడు గార్డ్‌ను ఎదుర్కోవడం లోపం కాదు, పథకంలోనే ఉంది. మరొకడు స్వేచ్ఛగా తిరగడం కోసం అతను ఆ దెబ్బ కాస్తున్నాడు.

అండర్‌కు అందరికీ తెలిసిన ఉదాహరణ ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) జట్టు టాంపా బే బకనీర్స్. వారెన్ శాప్, డెరిక్ బ్రూక్స్ ఇద్దరూ 1995 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) మొదటి రౌండ్‌లోనే ఆ జట్టులోకి వచ్చారు. శాప్ 3 టెక్నిక్, బ్రూక్స్ విల్. శాప్‌ను ఒక్క గార్డ్‌కు వదిలేయడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. దాంతో బ్రూక్స్ వైపు రావలసిన బ్లాకర్ రాకుండా పోయేవాడు, వచ్చినా ఆలస్యమయ్యేది. 1999లో లీగ్ ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడు శాప్, 2002లో బ్రూక్స్. ఆ 2002 సీజన్ సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, ఓక్లండ్ జట్టును 48–21తో ఓడించారు. బ్రూక్స్ గొప్పవాడే, అందులో సందేహం లేదు. అతని ముందు శాప్ నిలబడిన చోటు కూడా ఆ గొప్పతనంలో భాగం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఇంకా పాతది. 1974 సీజన్ చివర్లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తన డిఫెన్సివ్ లైన్‌మన్ జో గ్రీన్‌ను సెంటర్–గార్డ్ సందులో నిలబెట్టింది. అదీ నేరుగా కాదు, సెంటర్ వైపు ఏటవాలుగా తిరిగి. సెంటర్ ఒక్కడే అతణ్ని ఆపలేడు. గార్డ్ వదిలేసి వెళితే ఆట అక్కడికక్కడే ముగిసిపోతుంది. ఇద్దరూ ఒక్కడికే బందీలయ్యారు. వెనక మిడిల్ లైన్‌బ్యాకర్ జాక్ లాంబర్ట్ ఆ ఏడే లీగ్‌లోకి వచ్చిన కుర్రాడు, ఆరడుగుల నాలుగంగుళాల పొడవు, ఆ స్థానానికి సన్నని మనిషి, దాదాపు 100 కిలోలు. పెద్ద గార్డులతో రోజంతా ఢీకొనే శరీరం కాదు. ఢీకొనవలసిన అవసరం అంతగా రాకుండా గ్రీన్ చూశాడు. ఆ సీజన్ సూపర్ బౌల్‌లో మిన్నెసోటా వైకింగ్స్ పరుగు ఆట మొత్తం కలిపి 17 గజాలు. ఆ మ్యాచ్‌లో లాంబర్ట్ గాయపడి బయటికి వెళ్లాడు, మరో లైన్‌బ్యాకర్ ఆండీ రసెల్‌దీ అదే పరిస్థితి. వాళ్ల బదులు వచ్చినవాళ్లు ఆడినా ఎదుటి జట్టుకు దారి దొరకలేదు. ముందు వరస విలువ చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

బాల్టిమోర్ రేవెన్స్ 2000లో అదే పని బరువుతో చేసింది. శామ్ ఆడమ్స్, టోనీ సిరగూసా చెరొకరు 150 కిలోల చుట్టుపక్కల ఉండే డిఫెన్సివ్ ట్యాకిళ్లు, అంటే డిఫెన్స్ లైన్ నడుమ ఆడేవాళ్లు. ఒక్కొక్కరికి ఇద్దరు కావలసి వచ్చేది. వెనక మిడిల్ లైన్‌బ్యాకర్ రే లూయిస్ గడ్డి మీద అటునుంచి ఇటు పరుగెత్తేవాడు. ఆ సీజన్ 16 మ్యాచ్‌లలో ఆ జట్టు ఇచ్చిన పాయింట్లు 165, ఎదుటి జట్లన్నీ కలిసి పరిగెత్తినవి 970 గజాలు. టీవీలో లూయిస్ కనిపిస్తాడు. నేను మా పిల్లలకు ఆ వీడియోలు పెట్టి లూయిస్‌ను వదిలేసి ముందున్న ఇద్దరి నడుములు మాత్రమే చూడమంటాను.

మూడో దారి లోపలి ముగ్గురినీ కప్పేయడం. 1985 షికాగో బేర్స్‌తో బడ్డీ రయన్ ఆడించిన 46 డిఫెన్స్ అదే: సెంటర్ ఎదురుగా ఒకడు, రెండు గార్డుల మీదా చెరొకడు. సెంటర్‌కూ గార్డులకూ ఎవరి మనిషి వాళ్ల ముందే ఉన్నాడు, మిడిల్ లైన్‌బ్యాకర్ మైక్ సింగిల్టరీ వైపు వెళ్లడానికి ఖాళీగా ఎవరూ లేరు. మరి అందరూ ఎప్పుడూ అదే ఎందుకు ఆడరు? లోపల అంతమందిని పెడితే బయటా వెనకా పలచబడుతుంది కాబట్టి. పాస్ బాగా వేసే జట్టు ఎదురైతే ఆ ఖర్చు భరించలేం.

గార్డ్ ముందు మనిషి లేకపోతే అతనికి పని లేనట్టేనా? కాదు. ఇది కొంచెం సూక్ష్మమైన విషయం. 2017లో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం ముగ్గురి లైన్‌తో స్ప్రెడ్ జట్లను (ఆటగాళ్లను మైదానం వెడల్పునా పరిచి ఆడేవాళ్లను) ఇబ్బంది పెట్టి పేరు తెచ్చుకుంది. ఆ రకం లైన్‌ను టైట్ ఫ్రంట్ అంటారు: నోస్ 0లో, మిగతా ఇద్దరూ ట్యాకిళ్ల లోపలి భుజాల మీద, అంటే 4ఐలలో. చూడటానికి గార్డులిద్దరి ముందూ ఖాళీయే. కానీ 4ఐ మీద ఉన్నవాడు ట్యాకిల్ కంటే లోపల ఉన్నాడు. గార్డ్ లైన్‌బ్యాకర్ వైపు వెళ్లిపోతే ట్యాకిల్ ఒక్కడే లోపలికి తిరిగి అతణ్ని అందుకోవడం చాలా కష్టం. నోస్ కూడా రెండు ఎ గ్యాప్‌లనూ చూస్తున్నాడు, సెంటర్‌కు సాయం కావాలి. కాబట్టి గార్డ్ ఎటో ఒకవైపు చేయి వేసి ఆగక తప్పదు. ఎదురుగా మనిషి లేకపోయినా పని ఉంది. అలైన్‌మెంట్‌ను మనిషికి మనిషి అన్న లెక్కలో కాక, ఎవరి కోణం ఎవరికి కష్టమన్న లెక్కలో చూడమని నేను చెప్పేది ఇందుకే.

ఇంతవరకు చెప్పింది బంతి కదలకముందు జరిగేది. కదిలాక మొదటి అరసెకను అలైన్‌మెంట్‌ది, ఆ తర్వాతంతా చేతులదీ నడుముదీ. అక్కడే మీ అబ్బాయి జట్టులో అసలు తంటా ఉండవచ్చు.

బ్లాకర్లు ఈ చిక్కును విప్పుకునే పద్ధతి కాంబో బ్లాక్. గార్డ్, సెంటర్ కలిసి నోస్‌ను రెండు వైపులా నెడతారు. అతను కదిలిపోగానే ఇద్దరిలో ఒకరు విడిపోయి లైన్‌బ్యాకర్ మీదికి వెళతారు. నోస్ ఆ ఇద్దరినీ ఎంతసేపు కట్టిపడేస్తే మీవాడికి అంత సమయం. అతను ఓడిపోయి వెనక్కి జారితే రెండు నష్టాలు ఒకేసారి: బ్లాకర్ తొందరగా విడిపోతాడు, మీవాడు పరుగెత్తవలసిన దారిలో సొంత మనిషే అడ్డుపడతాడు. మా దగ్గర సాధన ఇలా ఉంటుంది. ఇద్దరు నెట్టడం మొదలుపెట్టగానే బరువు ఎక్కువగా పడుతున్న వైపు తుంటి దించాలి, నేలను వదలకూడదు, విడిపోయి వెళ్లబోయేవాడి మీద ఒక చేయి ఉంచి గట్టిగా తోయాలి. పట్టుకోకూడదు. జెర్సీ పట్టి లాగితే డిఫెన్సివ్ హోల్డింగ్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దానికి 5 గజాలతోపాటు ఫస్ట్ డౌన్ కూడా, అంటే మళ్లీ మొదటి ప్రయత్నం నుంచి ఆడే అవకాశం, ఇచ్చేస్తారు. తోసిన తోపుకు గార్డ్ అడుగు తడబడితే చాలు.

3 టెక్నిక్‌కు నేర్పేది ఇంకొకటి. ఎదుటి గార్డ్ తల లోపలికి తిరిగి లైన్‌బ్యాకర్ వైపు పోతుంటే, మన చేతులు అతని తుంటితోపాటే లోపలికి వెళ్లాలి. ఖాళీ దొరికింది కదా అని ముందుకు దూకకూడదు. దూకితే ఎదుటి ట్యాకిల్ వచ్చి పక్కనుంచి తోసేస్తాడు, గార్డ్ ఏ ఆటంకమూ లేకుండా మైక్‌ను చేరతాడు. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. జట్టులో ఎక్కువ శాక్‌లు (పాస్ వేయబోయేవాణ్ని వేసేలోపే పడగొట్టడం) చేసి పత్రికలో పేరు వేయించుకునే లైన్‌మన్ వల్లే మీ అబ్బాయికి దెబ్బలు తగులుతుండవచ్చు. ప్రతి బంతికీ ముందుకు చొచ్చుకుపోవాలని చూసేవాడి పక్కనుంచి గార్డ్ సులువుగా జారిపోతాడు. మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) పాస్ వచ్చేటప్పుడు ఆ దూకుడు కావాలి. మొదటి డౌన్‌లో కాదు. ఏది ఎప్పుడన్నది పదిహేనేళ్ల పిల్లవాడికి నేర్పడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన భాగం, త్రికోణమితి కంటే కష్టం.

బరువైన పిల్లలు లేకపోతే ఏం చేయాలని అడగవచ్చు. హైస్కూల్లో మామూలుగా ఉండేది ఆ పరిస్థితే, ఆడమ్స్, సిరగూసా లాంటివాళ్లు బడిబడికీ పుట్టరు. మాకు ఒక సీజన్ నోస్‌గా ఆడటానికి దొరికిన పిల్లవాడు లైన్‌బ్యాకర్ కంటే చిన్నగా ఉండేవాడు. డబుల్ టీమ్ పడితే, అంటే ఇద్దరు కలిసి నెడితే, నిలవడం అతనివల్ల అయ్యేది కాదు. అందుకని నిలబెట్టడం మానేశాం. బంతి కదలగానే లైన్ మొత్తం ఒక సందు పక్కకు వాలుగా కదిలేది, దాన్ని స్లాంట్ అంటారు. బ్లాకర్లు ఇద్దరు కలిసి నెట్టాలని వచ్చేసరికి అక్కడ మనిషి ఉండడు. ఒకరు అతని కోసం వెతుక్కుంటూ ఉంటే రెండోవాడు ఎవరి మీదికి వెళ్లాలో తేల్చుకోలేడు. మా మైక్ ఆ ఏడు అంతకుముందుకంటే శుభ్రంగా పరుగెత్తాడు. ఖర్చు లేకుండా కాదు: స్లాంట్ ఎటు వెళుతుందో లైన్‌బ్యాకర్లకు ముందే తెలియాలి, వాళ్ల సందులు దానికి వ్యతిరేకంగా మారాలి. ఒకడు మరచిపోతే నడుమ గేటు తెరిచినట్టే. అలాంటి పొరపాటు మీద వచ్చిన టచ్‌డౌన్‌లు ఎక్కువగా నలభై, యాభై గజాలవే.

అలైన్‌మెంట్ కాపాడలేని సందర్భాలు కూడా ఉన్నాయి. టెక్సాస్ హైస్కూళ్లలో ఇప్పటికీ స్లాట్–టి అనే పరుగు ఆట పద్ధతి ఆడే జట్లున్నాయి. వాళ్ల గార్డులు ఎదురుగా రారు, లైన్ వెనకనుంచి పక్కకు పరుగెత్తి మరో సందులోనుంచి బయటపడతారు. దాన్నే పుల్ అంటారు. మీరు గార్డ్ ముందు కొండను నిలబెట్టినా లాభం లేదు, అతను దాన్ని వదిలేసి పక్కకు పోతాడు. అక్కడ లైన్‌బ్యాకర్‌ను కాపాడేది అతని కళ్లే. గార్డ్ కదిలిన దిక్కుకు ఆలస్యం లేకుండా వెళ్లాలి. ఇక టైట్ ఎండ్ బంతికి ముందు ఒక చివరనుంచి ఇంకో చివరకు మారిపోతే మీ ఓవర్ క్షణంలో అండర్ అయిపోతుంది, బబుల్ విల్ ముందునుంచి మైక్ ముందుకు వచ్చేస్తుంది. తెలివైన కోచ్‌లు సరిగ్గా అందుకోసమే అతణ్ని కదుపుతారు. మన లైన్ మళ్లీ సర్దుకోవాలా, ఉన్నచోటే ఉండి లైన్‌బ్యాకర్లు మారాలా అన్నది వారం ముందే తేల్చుకుని ఉండాలి.

మీ అబ్బాయి వైపునుంచి ఒక మాట. బబుల్ వెనక ఆడే లైన్‌బ్యాకర్ నాలుగైదు గజాల వెనక నిలబడి గార్డ్ కోసం ఎదురుచూడకూడదు. అంత దూరం పరుగెత్తి వచ్చిన గార్డ్ వేగం మీద ఉంటాడు. బ్లాకర్ తన వైపే వస్తున్నాడని తెలిసిన వెంటనే ముందుకు అడుగేసి లైన్ దగ్గరే, అతను వేగం అందుకోకముందే తగలాలి. తన సందు వైపు ఉన్న భుజం ఖాళీగా ఉంచుకుని రెండో భుజంతో ఢీకొనాలి. ముందు రక్షణ ఉన్న లైన్‌బ్యాకర్‌కు ఈ తొందర అవసరం లేదు, ఒక క్షణం చూసి బంతి వెంట పోవచ్చు. ఇద్దరికీ ఒకే అడుగులు నేర్పే కోచ్‌లను చూశాను, అది నాకు నచ్చని పద్ధతి.

లైన్ తప్పా, పిల్లవాడి తప్పా అన్నది ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. జట్టు మ్యాచ్ వీడియోలు పిల్లలకు అందుబాటులో పెడుతుంది కదా, గోల్ పోస్ట్ వెనకనుంచి తీసినవి అడగండి. పక్కనుంచి తీసిన వీడియోలో ఇది కనబడదు. బంతి కదిలే ముందు ఆపి ఏ గార్డ్ ముందు ఖాళీ ఉందో చూడండి, మీవాడు అతని ఎదురుగా ఉన్నాడో లేదో చూడండి. తర్వాత నెమ్మదిగా నడిపి, మీవాణ్ని గుద్దిన బ్లాకర్ మీద దారిలో ఎవరి చెయ్యయినా పడిందా అని గమనించండి. ముందు మనిషి ఉండి కూడా అతను ఏ చెయ్యీ తగలకుండా వచ్చాడంటే కోచ్ చెప్పింది నిజం, అది లైన్ పని. చెయ్యి పడింది, అడుగు తడబడింది, అయినా మీవాడు దొరికిపోయాడంటే అప్పుడు అతని మొదటి అడుగు ఎటు పడుతోందో చూడాలి. గార్డ్ ముందు మొదటినుంచే ఖాళీ ఉంటే అది బబుల్. మీవాడు ఆ దెబ్బను లైన్ దగ్గర తీసుకుంటున్నాడా, నాలుగు గజాల వెనక తీసుకుంటున్నాడా అన్నది చూసి, ఆ వీడియో ముక్కతోనే కోచ్ దగ్గరికి వెళ్లండి.